ముద్రకు సాక్ష్యమేది?

ప్రభుత్వాలు ప్రజల మీద వేసే ముద్రలను గురించి మన రచయితలు ఈమధ్య విరివిగా రాస్తున్నారు. రాయవలసిందే. మనిషికి నేరస్థుడనో, అనుమానితుడనో, పరాయివాడనో పేరుపెట్టి, ఆ పేరుతో అతని రాకపోకలనూ కూలినీ పిల్లల చదువునూ శాసించటం పాలకవర్గాల చేతిలో చాలా పాత ఆయుధం. అయితే ఆ ఆయుధాన్ని ఎండగట్టే రచనల్లో నిజమెంత, దాన్ని తేల్చుకోవటమెలా అన్న ప్రశ్నను మన విమర్శ గట్టిగా వేసుకోలేదు. ఆవేశం ఉంటే ఆధారం వెతకనక్కరలేదన్న ధోరణి మనలో కొందరికి ఉన్నది. అది ప్రజల పక్షానికి మేలు చెయ్యదని నా అభిప్రాయం.

నేరస్థ జాతుల చట్టాన్నీ, దాని కింద మన ప్రాంతంలో వెలిసిన స్టూవర్టుపురాన్నీ ఉదాహరణగా తీసుకుంటాను. కథల్లో, వ్యాసాల్లో, సదస్సు పత్రాల్లో నాకు తరచు ఎదురయ్యే వాదన ఇది: బ్రిటిషువాళ్లు 1871లో చట్టం చేసి తెలుగునాట ఎరుకలవాళ్లందరినీ పుట్టుదొంగలని ప్రకటించారు, 1952లో ఆ ముద్ర తొలగిపోయింది.

దీన్ని విడదీసి చూద్దాం. 1871లో చట్టం వచ్చిన మాట నిజమే. కాని అప్పుడది ఉత్తరాదికే పరిమితం. మద్రాసు రాజధానికి అది 1911 చట్టంతోనే వచ్చింది. ఆ చట్టం కూడా ఒక్క కలంపోటుతో అందరినీ దొంగలనలేదు. ఫలానా సమూహం నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే చాలు, ప్రకటన జారీచేసి, ఆ సమూహంలోని వాళ్లను రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, సెటిల్‌మెంటుకు తరలించవచ్చు. ఆ ప్రకటన చెల్లదనే అధికారం న్యాయస్థానాలకు కూడా లేదు. ఇక రద్దు సంగతి. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లోనే రద్దయింది. 1952 ఆగస్టు 31 దేశమంతటికీ సంబంధించిన తేదీ. కాని మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టం తాను చేసుకుంది. జాతి పేరు పోయి అలవాటు పేరు వచ్చింది. నిజాం సంస్థానం వేరే ఏలుబడి కాబట్టి మద్రాసు తేదీలను తెలంగాణకు అంటగట్టటమూ కుదరదు.

తేదీ తప్పయినంత మాత్రాన బాధ అబద్ధమవుతుందా అని మిత్రులు అడగవచ్చు. కాదు. కాని తేదీ వస్తువులో భాగం. 1871కీ 1911కీ మధ్య ఏం జరిగిందో చూస్తేనే ముద్ర వెనక ఉన్న ఆర్థిక కారణం కనబడుతుంది. మద్రాసు రాజధానిలో కొరవలు, అంటే మన ఎరుకలవాళ్లు, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుపోయి ఊళ్లల్లో మారకం చేసుకు బతికినవాళ్లు. రైలుబండి ఆ వర్తకాన్ని దెబ్బతీసింది. ప్రభుత్వపు ఉప్పు విధానం ఇంకో దెబ్బ కొట్టింది. అటవీ చట్టాలు అడవి సరుకుకు అడ్డం నిలిచాయి. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ క్రమాన్ని ప్రభుత్వ పత్రాల నుంచే వివరంగా చూపించారు. బతుకుతెరువు పోగొట్టినవాడే తరవాత వచ్చి దొంగ అని పేరుపెట్టాడు. 1871లోనే అంతా జరిగిపోయిందని రాసిన రచయిత ఈ నలభై ఏళ్ల దోపిడీని తన చేత్తోనే చెరిపేస్తున్నాడు. పైగా ఆ ఒక్క తప్పు చూపించి మిగతా నిజమంతా కొట్టిపారెయ్యటానికి అవతలివాడికి అవకాశమిస్తున్నాడు.

దీనికి ఎదురుగా మరో ధోరణి ఉన్నది. రికార్డులో ఉంటేనే నిజం, లేకపోతే కట్టుకథ అనే ధోరణి. విశ్వవిద్యాలయాల్లో దీనికి గౌరవం ఎక్కువ. సర్కారు కాగితం దేనికి సాక్ష్యమో వీళ్లు ఆలోచించరు. పోలీసు రిజిస్టరులో ఒక మనిషి పేరు ఉన్నదంటే ప్రభుత్వం అతన్ని నేరస్థుడుగా రాసుకున్నదని రుజువు. అతను నేరం చేశాడని కాదు. కాగితం రాసినవాడి గురించి చెబుతుంది. రాయబడినవాడి గురించి చెప్పదు. ఈ తేడా పట్టుకోలేని పరిశోధకుడు వలసపాలకుడి అభియోగాన్ని చరిత్ర అనుకుని తెలుగులోకి దించుకుంటాడు.

చెప్పేవాడికి ఆ మాట వల్ల వచ్చే లాభమేమిటో కూడా అడగాలి. స్టూవర్టుపురం సెటిల్‌మెంటును 1913 ప్రాంతంలో నెలకొల్పి నడిపింది సాల్వేషన్ ఆర్మీ. ఊరికి పెట్టిన పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు అనే ఉన్నతాధికారిది. పుట్టుదొంగలను సంస్కరిస్తున్నామని చెప్పుకునే సంస్థకు ముందుగా పుట్టుదొంగలు ఉండి తీరాలి. చీరాల పొగాకు కంపెనీకి కావలసింది కదలకుండా ఒకచోట ఉండే కూలీలు. ఈ రెండు అవసరాలూ తెలిశాక ఆ కాలపు నివేదికలను మనం మరోలా చదువుతాం.

ఇక అనుభవించినవాళ్ల మాట. ముద్ర మనిషిని ఏం చేస్తుందో చెప్పటంలో దానికి మించిన సాక్ష్యం లేదు. చట్టం ఏ సంవత్సరానిదో దాన్నడిగితే తప్పు అడిగినవాడిది. మరాఠీలో లక్ష్మణ్ గైక్వాడ్ ఆత్మకథ ‘ఉచల్యా’ 1987లో వచ్చింది, మరుసటి ఏడు సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. తన వాళ్లు దొంగతనాలు చేసిన సంగతి ఆయన దాచలేదు. ఆకలినీ పోలీసు దెబ్బలనూ దొంగతనాన్నీ ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టి చూపించాడు. అందుకే ఆ పుస్తకాన్ని నమ్ముతాం. పీడితుణ్ణి మచ్చలేని దేవుడుగా మలిచే మన కథల్లో లేని బలం అందులో ఉన్నది.

రచయిత సాక్ష్యాన్ని ఎలా కూడగట్టాలో చూపిన ఘటన 1998 నాటిది. పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ సబర్ పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. అతని వాళ్లు శవాన్ని కాల్చకుండా పూడ్చి కాపాడారు కాబట్టి రెండోసారి శవపరీక్ష సాధ్యమైంది. మహాశ్వేతాదేవి వెన్నంటి నిలిచిన సబర్ల సంఘం కేసు నడిపింది. కలకత్తా హైకోర్టు సి.బి.ఐ. విచారణకూ నష్టపరిహారానికీ ఆదేశించింది. మొన్న, 2024 అక్టోబరు 3న, జైళ్లలో కులవివక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇలాంటిదే. పాత్రికేయురాలు సుకన్య శాంత ఖైదీల అనుభవాలతో పాటు రాష్ట్రాల జైలు నియమావళులనే పట్టుకుని కోర్టుకు వెళ్లారు. విముక్త జాతులవాళ్లను అలవాటు నేరస్థులుగా చూసే నియమాలను కోర్టు తప్పుపట్టింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నది. 1952లో పోయిందన్న ముద్ర ఎక్కడ దాక్కున్నదో సర్కారు కాగితమే బయటపెట్టింది.

మన సంగతేమిటి? 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమాలుగా వచ్చాయి. రెండోది నిజమైన పుకార్లే తనకు ఆధారమని చెప్పుకున్నది. తమ ఊరిని నేరాలకు రాజధానిగా చూపిస్తున్నారని హైకోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది. ప్రభుత్వం చేసిన ప్రకటన రద్దయి ఏడు దశాబ్దాలు దాటినా మార్కెట్టు చేసే ప్రకటన ఆగలేదు. పుకారును ఆధారమనుకున్న వ్యాపారికీ, ఆధారం అక్కరలేదనుకున్న అభ్యుదయ రచయితకూ పద్ధతిలో తేడా ఏమున్నదో మనం నిజాయితీగా ఆలోచించుకోవాలి.

మన సాహిత్య విద్యార్థులకు చెయ్యవలసిన పని చాలా ఉన్నది. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్ల నాటి జ్ఞాపకాలు తాతలూ నానమ్మల నుంచి విన్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మద్రాసు ప్రభుత్వపు ఉత్తర్వులు చెన్నైలోని తమిళనాడు ప్రాచీన పత్రాలయంలో ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకదానితో మరొకదాన్ని ప్రశ్నించి, ఆ తరవాత కథ రాయమని కోరుతున్నాను. ఆలస్యమైతే మనకు ఉత్తర్వులు మాత్రమే మిగులుతాయి.