మొన ఎవరిది, ఎక్కడుంది?

దోమ కుడుతుంది, తేలు కుడుతుంది, చీమ కుడుతుంది, కందిరీగా కుడుతుంది. పిల్లలకు చెవులు కుట్టిస్తాం, బట్టలూ కుట్టిస్తాం. ఒక్క క్రియతో ఇన్ని పనులు జరుపుకునే మనం ఇంగ్లీషులోకి వెళ్ళగానే దోమకు ‘స్టింగ్’ తగిలించడంలో వింత లేదు. ఇంగ్లీషువాళ్ళకు మాత్రం దోమది ‘బైట్’. కుక్కకూ పాముకూ వాడే మాటే దానికీ. అక్కడ చూసేది మొన ఎంత సన్నమన్నది కాదు, అది ఒంట్లో ఎక్కడుందన్నది. దోమ తొండమూ పాము కోరలూ నోటివి కనుక బైట్. తేలు కొండి, తేనెటీగ ముల్లు వెనకవైపువి కనుక స్టింగ్. నోటితో పని లేకుండా తగిలినచోటల్లా మంట పుట్టించే జెల్లీఫిష్‌నూ ఈ రెండో జట్టులోనే కలిపారు. నియమం కచ్చితమేమీ కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని ఫైర్ యాంట్ మంటపెట్టేది వెనక ముల్లుతోనే అయినా, అక్కడి జనం చాలామంది దాన్నీ బైట్ అనే అంటారు. దోమ దగ్గర మనం తడబడితే చీమ దగ్గర వాళ్ళు తడబడతారు.

ఇంగ్లీషులో పొడిచే, గుచ్చే మాటలను మొన ఆకారాన్ని బట్టి నేర్చుకోలేమని నా వాదన. మొన ఎవరిది, ఎంత లోతుకు దిగింది, దిగాక ఏమైంది అని చూడాలి. మన నిఘంటువుల్లో స్టాబ్, పియర్స్, ప్రిక్, పంక్చర్ అన్నిటి ఎదుటా ‘గుచ్చు’, ‘పొడుచు’ అనే రెండు మాటలే అటూ ఇటూ తిరుగుతుంటాయి. స్టాబ్‌కు సాధారణంగా ఒక చెయ్యి, ఆ చేతి వెనక ఒక ఉద్దేశం ఉండాలి; దారిలో ముల్లు దిగితే ఎవరూ ఆ మాట అనరు. పియర్స్ అంటే ఒక పొరను దాటిపోవడం. అందుకే చెవితమ్మెకూ కవచానికీ చీకటిని చీల్చే కేకకూ అది సరిపోతుంది. ప్రిక్ చర్మం మీదే ఆగుతుంది, షుగరు పరీక్షకు వేలి కొసన చేసేది అదే. (1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఎద్దును పొడిచే మునికోలకు ఈ మాటే వాడారు. ఇవాళ మనిషిని పట్టుకుని అంటే బూతు.) పంక్చర్‌లో రంధ్రం కంటే దాని తర్వాతి సంగతి ముఖ్యం: టైరులోంచైనా ఊపిరితిత్తిలోంచైనా గాలి పోవాలి. మేకు దిగిన అరికాలి గాయాన్ని వైద్యులు పంక్చర్ గాయమంటారు కదా, అందులోంచి ఏ గాలి పోయిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ వాళ్ళను కలవరపెట్టేది పైకి చిన్నగా కనిపించే కన్నం లోపలికి ఎంత దిగి, ఏ ధనుర్వాతాన్ని మోసుకెళ్ళిందో అన్నది. అంటే అదీ పర్యవసానం చూసి పెట్టిన పేరే. మూలధాతువు తెలిస్తే చాలదా అనేవాళ్ళూ ఉన్నారు. పంక్చర్, పాయింట్, పంక్చువల్ మూడూ గుచ్చడమనే ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. ఆ సంగతి తెలిసినా వేళకు ఆఫీసుకొచ్చే మనిషి ఎవరిని గుచ్చాడో బోధపడదు.

వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళ అభ్యంతరం ఇంతకంటే గట్టిది. వాళ్ళ లెక్కలో కొమ్మ మారి ముల్లయితే థార్న్: నిమ్మ, బోగన్‌విల్లా. ఆకు గాని, ఆకు మొదట్లోని పుచ్ఛం గాని మారితే స్పైన్: బ్రహ్మజెముడు జాతులు, మన తుమ్మ. పైతోలు నుంచి పుట్టి, పక్కకు నొక్కితే పుటుక్కున ఊడొచ్చేది ప్రికిల్: గులాబి. ఆ లెక్కన గులాబికి థార్నే లేదు! పేరులోనే ప్రికిల్ పెట్టుకున్న ప్రిక్లీ పేర్, అంటే నాగజెముడుకు, ఉన్నవి స్పైన్లు. శాస్త్ర గ్రంథంలో ఈ తేడా పాటించాల్సిందే. అయితే గులాబికి థార్న్ ఉందన్న ఇంగ్లీషు సామెతను దిద్దబోవడం పెద్దరికం చూపించుకోవడం తప్ప మరేం కాదు. ముల్లు ఎందులోంచి పుట్టిందని శాస్త్రజ్ఞుడు చూస్తాడు, తోటమాలికి అది వేలికి గుచ్చుకుందా లేదా అన్నదే లెక్క. చేపలోనూ గడియారంలోనూ త్రాసు మీదా ముల్లును చూడగలిగిన మనం తోటమాలి పక్షాన నిలబడాలి.

ఈ తేడాలన్నీ పండితుల ముచ్చటేనా అంటే, కాదు. 1975లో రోనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో 78 మాటలు 20 జట్లుగా ఉంటాయి. ప్రికింగ్, బోరింగ్, డ్రిల్లింగ్, స్టాబింగ్, లాన్సినేటింగ్ ఒక జట్టు. మొనతో పొడిచినట్టుండే నొప్పులవి. స్టింగింగ్ మాత్రం ఇందులో లేదు. జివజివకూ దురదకూ చురచురకూ వాడే మాటలతో కలిసి వేరే జట్టులో ఉంది. ముల్లు దిగిన క్షణం కంటే తర్వాతి మంటే ఆ మాటకు ప్రాణమన్నమాట. పరాయి దేశంలో పిల్లల దగ్గరుండే మన పెద్దవాళ్ళ నొప్పిని వైద్యుడికి అనువదించేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. పోటు పొడవడంలోంచి పుట్టిన మాటే, వెన్నుపోటులో ఆ కత్తి ఇంకా కనిపిస్తుంది. తలపోటు, పన్నుపోటు అనేటప్పుడు మాత్రం కత్తి ఎవరికీ గుర్తుండదు. అమ్మ పోటంటోంది కదా అని స్టాబింగ్ అంటే, ఉన్నట్టుండి కత్తి దిగినట్టు వచ్చే నొప్పి కోసం డాక్టరు వెతుకుతాడు. ఆవిడది రాత్రంతా ఆగకుండా సలిపే నొప్పయితే చెప్పాల్సిన మాట త్రాబింగ్. అది మెల్జాక్ జాబితాలో మొదటి జట్టులోనే ఉంది.