డ్రాప్ లేదు సరే, పాజ్ ఎంత?

బఫర్ నిండితే మామూలు ఈథర్‌నెట్ స్విచ్ ప్యాకెట్‌ని పారేస్తుంది. పోయినదాన్ని మళ్లీ పంపుకోవడం టీసీపీ పని. వెబ్‌పేజీకి అది చాలు, స్టోరేజ్‌కి చాలదు. ఫ్లాష్ డిస్కు మైక్రోసెకన్లలో జవాబిచ్చే చోట, లైనక్స్‌లో మళ్లీ పంపే ముందు టీసీపీ టైమర్ వేచి ఉండేది మామూలుగా కనీసం 200 మిల్లీసెకన్లు. అవతలి మెషిన్ మెమరీని నేరుగా చదివి రాసే ఆర్డీఎంఏ కార్డుల్లో చాలావాటి తీరు ఇంకా కఠినం. ఒక ప్యాకెట్ పోతే దాని వెనకవన్నీ మళ్లీ పంపాలి.

అందుకే పీఎఫ్‌సీ (ప్రయారిటీ ఫ్లో కంట్రోల్) వచ్చింది. ఐఈఈఈ 2011లో ఖరారు చేసిన పద్ధతి ఇది. ట్రాఫిక్‌ని ఎనిమిది తరగతులు చేసి, బఫర్ నిండబోతుంటే స్విచ్ స్టోరేజ్ తరగతి ఒక్కదాన్నే ‘ఆగు’ (పాజ్) అంటుంది. కానీ ఆ మాట అవతలికి చేరేలోపు దారిలో ఉన్నవి వచ్చేస్తూనే ఉంటాయి. 100 గిగాబిట్ లింకులో 300 మీటర్ల ఫైబర్ మీద రానూపోనూ 3 మైక్రోసెకన్లు. ఆ కాస్తలోనే దాదాపు 37 కిలోబైట్లు వచ్చి పడతాయి. వాటికి ముందే చోటు ఉంచాలి, అదే హెడ్‌రూమ్. స్విచ్ కాన్ఫిగరేషన్ తెరిచే ముందు నేను కేబుల్ పొడవు అడిగేది అందుకే.

ఇక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు భయం. రద్దీ ఎక్కడికీ పోలేదు, వెనక్కి జరిగిందంతే. ప్లాట్‌ఫాం ఖాళీలేక ఒక బండి ఔటర్‌లో ఆగితే, ఆ స్టేషన్‌తో పనిలేని బండ్లు కూడా దాని వెనక నిలబడిపోతాయి. పాజ్ కూడా అలాగే స్విచ్ నుంచి స్విచ్‌కి పాకుతుంది. చెడిపోయిన ఒక్క నెట్‌వర్క్ కార్డు ఆపకుండా పాజ్‌లు పంపుతూ పెద్ద భాగాన్ని స్తంభింపజేయగలదని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2016 సిగ్‌కామ్ సదస్సు పత్రంలో రాశారు. స్విచ్‌లో ఇలాంటి ఆగని పాజ్‌లను కనిపెట్టి తెంచే వాచ్‌డాగ్ పెట్టడం తప్పనిసరి అని నేననేది అందుకే.

అసలు పనితనం పాజ్ దాకా రానివ్వకపోవడంలో ఉంది. క్యూ పెరగడం మొదలవగానే ప్యాకెట్ మీద ఈసీఎన్ (రద్దీ హెచ్చరిక) గుర్తు పడాలి, పంపేవాడు వేగం తగ్గించాలి. 2015లో వచ్చిన డీసీక్యూసీఎన్ పద్ధతి చేసేది ఇదే. ఈసీఎన్ హద్దు పాజ్ హద్దుకన్నా బాగా కింద ఉండాలి. రెండూ తారుమారైతే గుర్తు పడేలోపే పాజ్ వెళ్లిపోతుంది.

‘డ్రాప్‌లు సున్నా’ అన్న రిపోర్టును నేను ఆరోగ్యానికి రుజువుగా తీసుకోను. తరగతివారీగా పాజ్ కౌంటర్లు, ఈసీఎన్ గుర్తుల లెక్క పక్కపక్కన పెట్టి చూపించమంటాను. గుర్తులు తక్కువగా ఉండి పాజ్‌లు ఎక్కువగా ఉంటే, మొదట సరిచూసేది ఆ హద్దులనే.