టికెట్ ధర గుర్తుంది, ఆకు కట్ట ధర?

హైదర్‌గూడ, చిక్కడపల్లి పెద్దవాళ్లను డెబ్భైల చివరి రోజుల గురించి కదిలిస్తే చాలు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ హాళ్లలో నేల టికెట్ ఎంత, బ్లాకులో ఎంత, బయట ఇరానీ చాయ్ ఎంత, పైసలతో సహా చెప్తారు. ఆ మాటల్లోకి ‘అడవి రాముడు’ రాక తప్పదు. 1977 ఏప్రిల్ 28న విడుదలైంది. రాఘవేంద్రరావు తీశారు, ఎన్టీఆర్ హీరో. వేటూరి పాటలు నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు!

కానీ అందులో అడవిని కాపాడేది ఫారెస్టు ఆఫీసరు. గూడెం వాళ్లు ఆయన అండ కోసం చూసే అమాయకులు, పాటల్లో వెనక వరుస. దొంగలంటే స్మగ్లర్లే. పోడు చేసుకునేవాళ్ల మీద కేసు రాసే గార్డు నాకు తెర మీద కనపడలేదు. 50 ఆకుల తునికాకు కట్టలో ఒక్క ఆకు తగ్గినా పక్కన పడేసే కల్లేదారు కూడా కనపడలేదు. అడవైనా మనది కాదు, షూటింగు తమిళనాడులోని ముదుమలైలో జరిగింది.

నాలుగేళ్లకు, 1981 ఏప్రిల్ 20న, భూమికి పట్టాలు అడగడానికి గోండులు ఇంద్రవెల్లి సభకు బయల్దేరారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కే 13 మంది. అక్కడ ఏ ఆఫీసరూ రాముడై రాలేదు.

హాస్టల్లో పిల్లలకు ఈ సినిమా చూపించే సార్లు, మేడమ్‌లు తప్పక చూపించండి. అయ్యాక మాత్రం ఇంటికెళ్లి ఒకటి అడిగి రమ్మనండి: ఆ ఏడు మన తాతకు ఆకు కట్టకు ఎన్ని పైసలిచ్చారు?