అదే గుద్దు, వేరే చేతులు

సైతామా బట్టతల వీరుడు. ముఖంలో ఏ భావమూ కనిపించదు. ఎంతటి రాక్షసుడు ఎదురొచ్చినా ఒక్క గుద్దుతో పని అయిపోతుంది. గెలుపు ముందే తెలిసిన కథలో ఇక ఉత్కంఠ ఎక్కణ్ణుంచి వస్తుంది? ‘వన్ పంచ్ మ్యాన్’ యానిమే మొదటి సీజన్ ఈ చిక్కును బొమ్మలతోనే విప్పింది. ఎవరు గెలుస్తారోనని ఎవరూ ఎదురుచూడలేదు, ఆ గుద్దు ఎలా పడుతుందో చూడాలనే కూర్చున్నారు. 2015 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టీవీ టోక్యోలో వచ్చిన ఆ 12 భాగాలు జపాన్ ఎల్లలు దాటి అభిమానుల్ని సంపాదించాయి. 2019 ఏప్రిల్‌లో రెండో సీజన్ వచ్చేసరికి కథ ముందుకు సాగింది, గారో అనే బలమైన ప్రతినాయకుడు దిగాడు. గుద్దులో మాత్రం బరువు పోయింది.

ఎందుకు పోయిందో తెలియాలంటే జపాన్ బొమ్మల పని ఎలా నడుస్తుందో కాస్త లోపలికెళ్లి చూడాలి.

తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయడం జపాన్ టీవీకి ఎప్పుడూ అందని ఖర్చు. 1963 జనవరి 1న మొదలైన టీవీ సీరియల్ ‘ఆస్ట్రో బాయ్’ కోసం ఒసాము తెజుకా, ఆయన ముషి ప్రొడక్షన్ బృందం వారం వారం ఒక భాగం పూర్తి చేయాల్సి వచ్చింది. అందుకే ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపారు, అంటే సెకనుకు 8 బొమ్మలే. మాట్లాడే మనిషికి పెదవులు మాత్రమే కదిపారు. ఒకసారి గీసిన నడకనూ, ఎగరడాన్నీ దాచుకుని మళ్లీ మళ్లీ వాడారు. డబ్బు, సమయం లేక పుట్టిన ఈ పొదుపే తర్వాతి తరాలకు ఒక కళ నేర్పింది. చేతిలో ఉన్నవి కొన్ని బొమ్మలే అయినప్పుడు వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టి నిలిపేయాలి అన్నదే ఆ కళ.

నిలిపేయడంలో ఒసాము దెజాకీని మించినవాళ్లు అరుదు. 1970లో మొదలైన ‘అషితా నో జో’ బాక్సింగ్ కథలో, ఆ తర్వాతి సీరియళ్లలో ఆయన కీలక క్షణం రాగానే కదలికను ఆపేసేవాడు. తెర నిండా ముతక కుంచె గీతలతో వేసిన ఒకే ఒక చిత్రాన్ని పరిచేవాడు. చూసేవాడి గుండె అక్కడ కొట్టుకుంటుంది. కాబట్టి ‘బొమ్మ కదలలేదు’ అన్న ఫిర్యాదు ఒక్కటే చాలదు; కదలని బొమ్మ ఏం చెప్పిందన్నది అసలు ప్రశ్న. 1972లో మ్యాడ్‌హౌస్ స్టూడియోను స్థాపించినవాళ్లలో ఈ దెజాకీ ఒకరు. ‘వన్ పంచ్ మ్యాన్’ మొదటి సీజన్ ఆ స్టూడియో నుంచే వచ్చింది.

ఇంకో విశేషం పని పంపకంలో ఉంది. పాత డిస్నీ చిత్రాల్లో ఒక్కో చిత్రకారుడికి ఒక్కో పాత్రను అప్పగించేవారు. జపాన్‌లో ఒక్కో షాట్‌ను అప్పగిస్తారు. ఆ షాట్‌లోని మనిషీ, పొగా, నిప్పురవ్వలూ, పగిలే గోడా అన్నీ ఒకే చేతిలో పుడతాయి. ఆ చిత్రకారుడు కీలకమైన భంగిమలు గీస్తాడు. వాటిని జెంగా అంటారు. వాటి మధ్య కదలికను నింపే డోగా బొమ్మలు వేరేవాళ్లు గీస్తారు. ముఖాలు తేడా రాకుండా సకుగా కాంతోకు అనే పర్యవేక్షకుడు సరిదిద్దుతాడు. అయినా అసలు గీసినవాడి చేతిరాత బయటపడుతూనే ఉంటుంది. యోషినోరి కనడా వంకర దూకుళ్లనూ, ‘మాక్రాస్’లో ఇచిరో ఇతానో వదిలిన క్షిపణుల సుడులనూ అభిమానులు పేరు చూడకుండానే గుర్తుపడతారు.

ఇప్పుడు 2015కి వద్దాం. దర్శకుడు షింగో నత్సుమే అంతకుముందు ఏడాదే ‘స్పేస్ డాండీ’ చేసివచ్చాడు. ఏ స్టూడియోకూ కట్టుబడని స్వతంత్ర చిత్రకారులు ఎందరో ఆయనకు స్నేహితులు. వాళ్లని పిలిచాడు, వాళ్లు వచ్చారు. ఒక సీరియల్ నసీబు మార్చింది ఆ పరిచయాలే.

ఫలితం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మామూలప్పుడు సైతామా ముఖం ఒక గుండ్రటి గీత, రెండు కళ్లు, అంతే. నిజంగా కోపమొస్తే అదే ముఖం మీద నల్లటి నీడలు, లోతైన గీతలు పడతాయి. రచయిత వన్ 2009లో ఇంటర్నెట్‌లో పెట్టిన మోటు బొమ్మలకూ, యూసుకే మురాతా 2012 నుంచి మళ్లీ గీస్తున్న అతి నిండైన మాంగాకూ మధ్యనున్న దూరమంతా ఆ ఒక్క ముఖంలోనే ఇమిడిపోయింది. అయిదో భాగంలో శిష్యుడు జెనోస్‌తో సాధన పోరు జరుగుతుంది. గురువు పిడికిలి జెనోస్ ముఖం ముందు ఆగిపోతుంది, తగలదు. వెనకనున్న కొండ మాత్రం ఎగిరిపోతుంది. తగలని దెబ్బతోనే బలం ఎంతో చూపించారు.

తొమ్మిదో భాగం ఇంకా గొప్పది. సముద్రపు రాజు అనే రాక్షసుడికి ఎదురుగా, వానలో, సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన మామూలు మనిషి ముమెన్ రైడర్ నిలబడతాడు. కొట్టించుకుని పడతాడు, మళ్లీ లేస్తాడు. ఆ లేవడంలో వణుకుతున్న మోకాళ్లను ఓపిగ్గా గీశారు. ఆ తర్వాత సైతామా గుద్దుతో వాన ఆగిపోతుంది. పన్నెండో భాగంలో బోరోస్ అనే శత్రువు తన్నిన తన్నుకి చంద్రుడి మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి దూకి తిరిగొచ్చే సైతామాను చూసినవాళ్లెవరూ మరిచిపోరు. అక్కడ షాట్ షాట్‌కూ గీత మారుతుంది, కాంతి మారుతుంది. చేతులు మారాయని తెలుస్తూనే ఉంటుంది, అదే అందం.

రెండో సీజన్‌కి రచన మళ్లీ తొమొహిరో సుజుకిదే. సంగీతం మకోతో మియాజాకిదే, పాత్రల రూపకల్పన చికాషి కుబోతాదే, సైతామా గొంతు కూడా మకోతో ఫురుకావాదే. మారింది స్టూడియో, దర్శకుడు. పని జె.సి.స్టాఫ్‌కు, చికారా సకురాయ్‌కు వెళ్లింది. నాటకంలో పద్యం అదే, కృష్ణుడి వేషమూ అదే. రాగం ఎత్తుకునే గొంతు మారితే వన్స్‌మోర్ పడదు.

కథాపరంగా ఈ సీజన్‌కి అవకాశాలు ఎక్కువే. గారో యుద్ధవిద్యలు నేర్చినవాడు. కాలు ఎక్కడ ఆనించాడు, నడుము ఎటు తిప్పాడు, ఎదుటివాడి బలాన్ని ఎలా మళ్లించాడు అన్నది కనబడితేనే అతను భయపెడతాడు. పేలుళ్లు గీయడం కన్నా ఇది కష్టమైన పని. రెండో సీజన్ చాలాచోట్ల కెమెరాను ఊపింది, వేగపు గీతలు పరిచింది, వెలుగు మెరిపించింది, దెబ్బ పడే క్షణంలో షాట్ మార్చేసింది. జెనోస్ ఇనుప చేతుల మీద కంప్యూటర్‌తో అద్దిన గరుకు పొర, లోహపు మెరుపు బదులు బూడిద పూసినట్టు కనిపించింది. దెజాకీ నిలిపిన బొమ్మలో ఉద్వేగం ఉండేది. ఇక్కడ నిలిచిన బొమ్మల్లో చాలావాటికి సమయం చాలకపోవడమే కనిపించింది. అలాగని అంతా వృథా కాదు. భయంతో గుండె దడదడలాడే కింగ్ అనే పాత్ర హాస్యం చక్కగా పండింది. గారోకి హికారు మిదొరికావా ఇచ్చిన గొంతు బొమ్మలో లేని పదును తెచ్చింది.

జె.సి.స్టాఫ్ చేతగాని స్టూడియో కాదు. 1997లో ‘ఉతెనా’, 2008లో ‘తొరదొరా’ ఇచ్చినవాళ్లు వాళ్లే. కానీ 2019లో వాళ్ల పట్టిక చూడండి. ‘ఇండెక్స్’ మూడో సీజన్ ఏప్రిల్ మొదట్లో ముగిసింది, వెంటనే ‘వన్ పంచ్ మ్యాన్’. జులైలో ‘దన్‌మాచి’ రెండో సీజన్, ‘యాక్సిలరేటర్’. ఒకే కప్పు కింద ఇన్ని పనులుంటే ఒక్కదానికి మంచి చిత్రకారుల్ని పోగుచేసి, తగినన్ని నెలలు ఇవ్వడం ఎలా కుదురుతుంది?

వేరే దారి ఉందని అదే ఏడాది రుజువైంది. అదే రచయిత వన్ రాసిన మరో కథ ‘మాబ్ సైకో 100’ రెండో సీజన్ 2019 జనవరిలో వచ్చింది. బోన్స్ స్టూడియో, దర్శకుడు యుజురు తచికావా, పాత్రల రూపకర్త యోషిమిచి కమెదా మొదటి సీజన్ నుంచి కొనసాగారు. గాజు మీద రంగులు పూస్తూ, చెరుపుతూ మియో సాతో చేసిన యానిమేషన్‌ను కూడా ఆ సీరియల్ తనలో కలుపుకుంది. రెండో సీజన్ మొదటిదాన్ని దాటిపోయింది, ముఖ్యంగా అయిదో భాగం.

‘వన్ పంచ్ మ్యాన్’ మూడో సీజన్ ఆరేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో జె.సి.స్టాఫ్ నుంచే వచ్చింది. కదలని బొమ్మల మీద విమర్శ ఈసారి మరింత పెరిగింది. కొందరు దాన్ని సృష్టికర్తల మీద వ్యక్తిగత దూషణగా మార్చారు. అది అన్యాయం. బొమ్మల లెక్కన కూలి తీసుకుని రాత్రింబవళ్లు గీసే మనిషి గడువును నిర్ణయించడు. నిర్ణయించేది డబ్బు పెట్టే కంపెనీల నిర్మాణ సంఘం. ప్రశ్న అక్కడికే వెళ్లాలి.

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వచ్చింది. టికెట్ కొనే ప్రేక్షకులుగా తెలుగువాళ్లకూ ఇప్పుడు ఈ ప్రశ్న అడిగే హక్కుంది. సైతామాతో ఇంకా పరిచయం లేనివాళ్లు మొదటి సీజన్ 12 భాగాలూ చూడండి. అక్కడితో ఆపి, మిగతా కథను మురాతా మాంగాలో చదవండి. గారో కాళ్ల కింద నేల అక్కడ గట్టిగానే ఉంది.