ఏప్రిల్ 14కు ఏ సినిమా?

2021 ఏప్రిల్ 9 సాయంత్రం రాయపూర్ జిల్లా అంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. సరిగ్గా ఆ రోజే తమిళనాడు థియేటర్లలో 'కర్ణన్' విడుదలైంది. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. అయిదు రోజుల తర్వాత వచ్చిన బాబాసాహెబ్ జయంతిని గుఢియారీలో మేము ఎవరి గడపలో వాళ్లం నిలబడి జరుపుకున్నాం. ఊరేగింపు లేదు, డప్పు లేదు. ఇంటికో కొవ్వొత్తి, త్రిశరణం, పంచశీల, అంతే.

ఈసారి జయంతి నాటి సాయంత్రం తెర కట్టి సినిమా వేద్దామనుకున్నాం. ఏది వేయాలి అన్న దగ్గర మొదలైన మాట మూడు ఆదివారాలు నడిచింది. వందన అయ్యాక చాపలు చుట్టకుండానే కూర్చునేవాళ్లం. నిరుడంతా ఫోన్లలోనూ, ఎవరింట్లో పెద్ద టీవీ ఉంటే అక్కడ గుమిగూడీ చూసినవన్నీ ముందుకొచ్చాయి. పత్రికలు ఏడాది చివర పది మంచి సినిమాల జాబితా వేస్తాయి. పదింటిని మెచ్చుకోవడం తేలికే. పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, పక్క వీధి హిందీవాళ్లు కూర్చుని చూసే ఒక్కదాన్ని ఎంచమంటేనే అసలు ఇబ్బంది.

మా కుర్రవాళ్ల మొదటి ఓటు 'పుష్ప'కి. దాన్ని తోసిపుచ్చడం మాకు ఇష్టం లేదు. డిసెంబరు 17న వచ్చింది మొదలు మా వీధిలో ప్రతి కుర్రాడూ ఒక భుజం పైకెత్తి నడిచాడు. తెలుగు పిల్లలు 'తగ్గేదే లే' అంటే, వాళ్ల ఛత్తీస్‌గఢీ స్నేహితులు 'ఝుకేగా నహీ' అన్నారు. కూలివాడు యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం చూసి కూలివాళ్ల పిల్లలు ఈల వేస్తే అందులో తప్పేముంది? కానీ పుష్పరాజ్ గుండెలో ఉన్న ముల్లు ఏమిటి? ఇంటిపేరు. తండ్రి ఇంటిపేరు తనకు దక్కలేదు, సవతి అన్న దక్కనివ్వలేదు. సినిమా మూడు గంటలూ ఆ ముల్లు చుట్టూనే తిరుగుతుంది. ఇంటిపేరు లేనివాడు ఎందుకు తక్కువ అన్న ప్రశ్న మాత్రం సుకుమార్ ఒక్కసారీ వేయడు. పుష్ప ఆ మెట్లను కూలగొట్టాలనుకోడు, పై మెట్టు ఎక్కాలనుకుంటాడు. ఇక డబ్బిచ్చి ఆడపిల్ల నవ్వును కొనే దృశ్యం దగ్గర మా పిన్నమ్మలు లేచి వెళ్లిపోయారు. ఆ మాట చెప్పాక కుర్రవాళ్లు మళ్లీ 'పుష్ప' పేరెత్తలేదు. ఇష్టం మాత్రం పోలేదు, అది మాకు తెలుసు.

ఇంటిపేరు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ రాష్ట్రంలో తెలుగువాడికి 'రావు' అన్న తోక ఒక గొడుగు. రైల్వే పనికో కర్మాగారం పనికో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మా తాతలు ఏ కులంవాళ్లయినా ఇక్కడివాళ్లకు అందరూ రావులే, 'రావ్ జీ'లే. ఆ గొడుగు కింద దాక్కుని అద్దె ఇళ్లు సంపాదించినవాళ్లున్నారు. ఎప్పుడో ఒకనాడు సొంత తెలుగువాడే వచ్చి "మీ అసలు ఇంటిపేరేటి, మీదే వూరు?" అని అడిగేదాకా ఆ నీడ ఉంటుంది. అందుకే నీరజ్ ఘేవాన్ తీసిన 'గీలీ పుచ్చీ' మాలో చాలామందిని నిద్రపోనివ్వలేదు. నెట్‌ఫ్లిక్స్‌లో ఏప్రిల్ 16న 'అజీబ్ దాస్తాన్స్' అన్న నాలుగు కథల సంకలనంలో ఒకటిగా వచ్చిన చిన్న చిత్రం ఇది. ఘేవాన్ మనకు మరీ పరాయివాడు కాదు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మరాఠీ దళిత కుటుంబం బిడ్డ.

కర్మాగారంలో యంత్రాల దగ్గర పనిచేసే ఏకైక స్త్రీ భారతీ మండల్. ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం ఆమెకు కావాలి, అర్హత కూడా ఉంది. అది ప్రియా శర్మకు దక్కుతుంది. ప్రియ స్నేహం చేస్తే భారతి తన పేరు బెనర్జీ అని చెబుతుంది. నిజం తెలిశాక ప్రియ ఇంట్లో అందరికీ పింగాణీ కప్పుల్లో టీ వస్తుంది, భారతికి స్టీలు గ్లాసులో. కెమెరా ఆ గ్లాసు మీద అరవదు, ఏడవదు. ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీలకు వెళ్లే మా ఆడపిల్లలు ఆ గ్లాసును చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొంకణా సేన్ శర్మ ఆ టీ తాగుతుంటే ముఖంలో కనిపించేది అవమానం కాదు, లెక్క. భారతి ఆ తర్వాత ఎత్తు వేసి ఆ ఉద్యోగం తెచ్చుకుంటుంది. ఆ ఎత్తు ధమ్మానికి తగినదా అని ఒక పెద్దాయన అడిగాడు. తగినది కాదు. అయినా భారతిని దేవతను చేయకపోవడమే ఆ చిత్రం నిజాయితీ అని మేమనుకున్నాం. అణచివేతకు గురైనవాళ్లు మంచివాళ్లయితేనే జాలిపడతామనే ప్రేక్షకులను అది లెక్కచేయలేదు. ఏడాది మొత్తంలో నిజానికి అతి దగ్గరగా వెళ్లిన సినిమా అదే. ఇద్దరు స్త్రీల మధ్య ఆకర్షణ కూడా కథలో ఉంది కనుక పిల్లల మధ్య వేయలేమన్నారు కొందరు. ఆ కారణం మాకు నచ్చలేదు, కానీ మాట నెగ్గించుకోలేకపోయాం.

మన తెలుగు ప్రేమకథల గురించి క్లుప్తంగా చెబుతాం. 'ఉప్పెన', 'లవ్ స్టోరీ', 'శ్రీదేవి సోడా సెంటర్' మూడూ ఒకే ఏడాది రావడం కాకతాళీయం అనుకోం. 2018లో మిర్యాలగూడ ఆసుపత్రి ముందు పట్టపగలు జరిగిన హత్య తర్వాత తెలుగు సినిమా కులం తెలియనట్టు నటించలేకపోయింది. 'ఉప్పెన' మగతనం మీద తర్కం చేస్తూ కులాన్ని పక్కన పెట్టేసింది. 'లవ్ స్టోరీ' కులం, పసిపిల్లల మీద అత్యాచారం అనే రెండు పెద్ద గాయాలను ఎత్తుకుని చివరికి రెంటినీ ఒక్క కొట్లాటతో తేల్చేసింది. 'పలాస 1978' తీసిన కరుణకుమార్ దగ్గర మేము ఎక్కువ ఆశించాం. 'శ్రీదేవి సోడా సెంటర్'లో ఆయన కోపం ఉంది, కానీ కథానాయకుడి కండల కోసం పెట్టిన పాటలూ పందేలూ ఆ కోపాన్ని చివరి అరగంటకు నెట్టేశాయి. 'సినిమా బండి' చూసి మాత్రం అందరం హాయిగా నవ్వుకున్నాం. ఆటోవాలాకు కెమెరా దొరకడం, ఊరంతా కలిసి సినిమా తీయడం ఎంత ముచ్చటగా ఉందో. అంత చిన్న ఊళ్లో వాడలు ఎటు పోయాయో మాత్రం మాకు అర్థం కాలేదు.

'శ్యామ్ సింగరాయ్' విషయంలో మేము కాస్త కఠినంగానే మాట్లాడుకున్నాం. దర్శకుడి పేరు రాహుల్ సాంకృత్యన్. ఆ పేరు వినగానే శ్రీలంకలో భిక్షువై, టిబెట్ నుంచి బౌద్ధ గ్రంథాలు మోసుకొచ్చిన మహాపండితుడు మన కళ్లముందు నిలుస్తాడు కదా! సినిమాలోని శ్యామ్ కూడా తక్కువవాడు కాదు. బెంగాల్లో అంటరానితనాన్ని ఎదిరిస్తాడు, దేవదాసి వ్యవస్థ నుంచి మైత్రేయిని బయటికి తెస్తాడు. సాయిపల్లవి నాట్యం, ఆ రాత్రి దృశ్యాలు చాలా బాగున్నాయి. ఇంత చేసి, కథ మొత్తాన్ని పునర్జన్మ మీద నిలబెట్టారు. ఈ కాలపు దర్శకుడి మీద కథ దొంగిలించాడని కేసు పడితే, ఆ కథ రాసినవాడు పూర్వజన్మలో తనే అని తేలుతుంది! హేతువాది ఆత్మ యాభై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో దిగడం ఎంత విడ్డూరం. ఆత్మ ఒక దేహం నుంచి మరో దేహానికి వలస పోతుందన్న నమ్మకాన్ని బుద్ధుడు ఒప్పుకోలేదని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో విడమరిచి రాశారు. ఈ జన్మలో నీకు పడిన దెబ్బకు పోయిన జన్మే కారణం అని మన పూర్వీకులకు చెప్పింది కూడా ఆ నమ్మకమే. దేవదాసికి అదే చెప్పారు. ఆ వ్యవస్థను ఖండించే సినిమా, ఆ వ్యవస్థ ఆనుకున్న గోడనే ఆనుకుని నిలబడింది.

ఇక మూడు తమిళ సినిమాలు మిగిలాయి.

'కర్ణన్' మేము మే నెలలో చూశాం. చావు కబుర్లు రోజూ వింటున్న రోజులు. మొదటి దృశ్యంలో ఒక చిన్నపిల్ల నడిరోడ్డు మీద మూర్ఛతో కొట్టుకుంటుంది, బస్సులు అటూ ఇటూ ఆగకుండా పోతాయి. ఆసుపత్రి పడక కోసం తిరిగినవాళ్లు మాలో ఉన్నారు. వాళ్లకు అది సినిమా కాలేదు. 1995లో కొడియంకుళంలో దళితుల ఇళ్ల మీద పోలీసులు చేసిన దాడి ఛాయలో మారి సెల్వరాజ్ ఈ కథ అల్లాడు. ఊరికి బస్టాపు లేదు, అదే కథ. ముందరి కాళ్లకు కట్లు వేసిన గాడిద, ముసుగు వేసుకుని ఊరిని చూస్తుండే చనిపోయిన చెల్లెలు, ఇవేవీ అలంకారాలుగా అనిపించవు. సినిమాగా చూస్తే ఏడాదిలో దీన్ని మించింది లేదని మా అభిప్రాయం.

అయినా దీని మీదే పెద్ద వాదన జరిగింది. ఊళ్లో జనం పేర్లు కర్ణుడు, ద్రౌపది, దుర్యోధనుడు. పోలీసు అధికారి పేరు కన్నబిరాన్, అంటే కృష్ణుడు. ఇక్కడ కర్ణుడే కృష్ణుణ్ని చంపుతాడు. భారతాన్ని తిరగేశాడని పొంగిపోయారు కుర్రవాళ్లు. తిరగేసినా అది భారతమే కదా అన్నారు పెద్దలు. నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో రాముణ్నీ కృష్ణుణ్నీ వదిలిపెట్టి వచ్చినవాళ్లం, వాళ్ల కథలో పాత్రలు మార్చుకుంటూ కూర్చోవాలా? ఈ ప్రశ్నకు ఒక కుర్రాడు ఇచ్చిన జవాబు మేము మరిచిపోలేం. ఆ అధికారికి కోపం తెప్పించింది బస్సు పగలడం కాదు, ఊరి పెద్దకు దుర్యోధనుడని పేరుండటం. రాజు పేరు పెట్టుకున్నందుకే కొట్టాడు. వాళ్లకు పేరు తప్ప ఇంకేముంది?

కత్తి సంగతి ఇంకా కష్టం. అహింస పేరుతో బుద్ధుడు చేతులు కట్టుకోమన్నాడని చాలామంది అనుకుంటారు. చంపాలన్న కోరికకూ చంపక తప్పని అవసరానికీ మధ్య బుద్ధుడు గీత గీశాడని బాబాసాహెబ్ వివరించారు. 'కర్ణన్' చివరి అరగంటను ఆ గీత పక్కన పెట్టి చూశాం. ఊరు కాలుతోంది, ఇంకో దారి లేదు. అవసరమే. కానీ కత్తి దిగిన క్షణంలో కెమెరాకు కలిగిన ఆనందం మాత్రం కోరికదే. మాకు కలిగిన ఆనందం కూడా.

'జై భీమ్' పేరే సగం ఓట్లు తెచ్చింది. 1993లో కడలూరు ప్రాంతంలో లాకప్పులో చనిపోయిన రాజకన్ను భార్య న్యాయం కోసం పోరాడింది. అప్పటి న్యాయవాది, తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన కె. చంద్రు ఆమె తరఫున నిలబడ్డారు. జ్ఞానవేల్ దాన్నే సినిమా చేశాడు. జైలు గేటు ముందు విడుదలైనవాళ్లను కులం అడిగి రెండు వరుసలుగా విడదీసే మొదటి దృశ్యం ఒక్కటే చాలు, ఈ దేశంలో చట్టం ఎవరి దగ్గర ఆగుతుందో తెలియడానికి. లోపాలు లేకపోలేదు. నిజ జీవితంలో ఆ కుటుంబం కురవర్ తెగది, సినిమా వాళ్లను ఇరులర్లను చేసింది. సూర్య నడిచొస్తుంటే నేపథ్య సంగీతం మోగే తీరు చూస్తే రక్షకుడు వచ్చాడన్న భావన తప్పదు. ఇంకొకటి, హిందీ మాట్లాడినవాణ్ని ప్రకాశ్ రాజ్ చెంపదెబ్బ కొట్టే చోట హిందీ అనువాదంలో 'నిజం చెప్పు' అని మార్చేశారు. రెండు భాషల్లోనూ చూసిన మాలాంటివాళ్లకు అది నవ్వు తెప్పించింది.

అసలు అభ్యంతరం ఆడవాళ్ల నుంచి వచ్చింది. లాకప్పు దెబ్బలు అంతసేపు చూపించాలా? పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు. మనవాళ్ల శరీరం తెర మీద కనిపించేది దెబ్బలు తినడానికేనా? ఇది తేలిగ్గా తీసేయగల మాట కాదు. చూపించకపోతే జనం నమ్మరన్నాం మేము. చూపించేది ఎవరికి, నమ్మనివాళ్లకా, తిన్నవాళ్లకా అని వాళ్లు అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అప్పుడు మాలో అందరికంటే పెద్ద మామ్మ ఒక్క మాట అంది: "ఆ దెబ్బలు మాకు తెలీనివేటి? జీపు ఎనకాల వత్తంటే ఆ పిల్ల తిరిగి సూడకుండా నడిసిపోనాది కదా, అది సూపించండి గుంటలకి." పైనుంచి ఫోన్ వచ్చాక, ఇంట్లో దింపుతాం ఎక్కమ్మా అని పోలీసులు బతిమాలుతుంటే నిండు గర్భిణి సెంగేణి నడుచుకుంటూ పోయే దృశ్యం అది. మామ్మ అన్నాక తిరిగి చూశాం. అక్కడ వకీలు లేడు, కోర్టు లేదు, సూర్య లేడు. లిజోమోళ్ జోస్ నడక ఒక్కటే ఉంది. రక్షకుడి సినిమా అన్న మా ఆరోపణకు ఆ సినిమాలోనే జవాబుంది, మేము దాన్ని చూడకుండా దాటేశాం.

'సార్పట్ట పరంపర' గురించి వాదన తక్కువ జరిగింది, ఇష్టం ఎక్కువ కనిపించింది. పా. రంజిత్ 1970ల ఉత్తర మద్రాసును, ఎమర్జెన్సీని, బాక్సింగ్ బరులను లేపి నిలబెట్టాడు. అయోతీదాస్ పండితర్ 1898లో శాక్య బౌద్ధ సంఘాన్ని పెట్టిన నగరం అది. ఇందులో మనవాళ్లకు దెబ్బలు తగులుతాయి, కానీ వాళ్లూ కొడతారు, నియమాల ప్రకారం, గంట మోగితే ఆగుతారు. డాన్సింగ్ రోజ్‌తో కబిలన్ పోటీ నడుస్తుంటే మా పిల్లలు తెర ముందు లేచి పాదాలు కదిపారు. పగ కాదది, ఆట.

మమ్మల్ని పట్టుకుంది మాత్రం రెండో సగం. బరిలో బట్టలూడదీసి అవమానించాక కబిలన్ సారాలో పడిపోతాడు. పొట్ట వేలాడుతుంది, కాళ్లు నిలవవు. తల్లి, మరియమ్మ అరుస్తారు, ఏడుస్తారు, కొడతారు. సురామేరయ అని రోజూ పాళీలో చదివే అయిదో శీలానికి ఇంతకంటే వ్యాఖ్యానం మేము చూడలేదు. సారా అతన్ని చంపడానికి శత్రువు పెట్టింది కాదు, అవమానం దింపుకోవడానికి తానే ఎత్తుకున్నది. పగలంతా గోదాముల్లో మూటలు మోసి సాయంత్రానికి గుర్తు పట్టలేని మనుషులయ్యేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. చర్చకు రాని ఒకాయన మరుసటి ఆదివారం వచ్చి, ఆ సినిమా చూశానని మాత్రం చెప్పి కూర్చున్నాడు. మేమేమీ అడగలేదు.

దీనిలోనూ మాకు పేచీ ఉంది. ఎంత గెలిచినా కబిలన్ రంగన్ మాస్టారి పరంపర పరువు కోసమే గెలుస్తాడు. మళ్లీ గురువు, మళ్లీ వంశం. చివరి పోటీకి నీలిరంగు అంగీలో బరిలోకి వచ్చినప్పుడు మాత్రం ఆ గెలుపు ఎవరిదో మేము నిర్ణయించేసుకున్నాం.

ఇక మిగిలింది భాష. పక్క వీధి సత్‌నామీలు, మహారాష్ట్ర నుంచి వచ్చిన ధమ్మబంధువులు తెలుగు ఎరుగరు. అందుకే 13వ తేదీ రాత్రి 'జై భీమ్' హిందీలో, పిల్లలు పడుకున్నాక వేస్తాం. 14న 'సార్పట్ట' తెలుగులో. దాదాపు మూడు గంటల సినిమా కనుక ఆరింటికే మొదలుపెట్టాలి. హిందీవాళ్ల పక్కన కూర్చుని మాటలు చెప్పడానికి ఇంటర్ చదివే ఇద్దరు అమ్మాయిలు ఒప్పుకున్నారు. తెరకు దుప్పట్లు కుట్టే పని ఇంకా ఎవరూ తీసుకోలేదు.