సర్గోధా మీద ఒక మిస్టేర్

1965 సెప్టెంబర్ 7 తెల్లవారుజాము. పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి ఆదంపూర్ నుంచి మన మిస్టేర్ విమానాలు లేచాయి. దళంలో స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య అదనపు పైలట్. ఎవరి విమానమైనా మొరాయిస్తే ఆ చోటు భర్తీ చేయడం ఆయన పని. కొడగు బిడ్డ, 32 ఏళ్లవాడు, కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పిన గురువు.

ఆయన తిరిగి రాలేదు. ఏం జరిగిందో చూసినవాళ్లు మన వైపు ఎవరూ లేరు.

అదే రోజు, అదే సర్గోధా దగ్గర పాకిస్తాన్ పైలట్ ఎం.ఎం. ఆలం నిమిషంలోపే ఐదు హంటర్ విమానాలను కూల్చాడని ఆ దేశం చాటింది. ఐదు కూలాయన్న లెక్కను మన రికార్డులు ఒప్పుకోవు. అంతకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబర్ 3న, మన ట్రెవర్ కీలర్ చిన్నపాటి నాట్ విమానంతో పాకిస్తాన్ సేబర్ విమానాన్ని కూల్చాడని దేశమంతా పండగ చేసుకుంది, ఆయనకు వీరచక్ర వచ్చింది. దెబ్బతిన్న ఆ సేబర్‌ను దాని పైలట్ యూసుఫ్ అలీ ఖాన్ ఇంటికి చేర్చాడని పాకిస్తాన్ అంటుంది. ఈ ముగ్గురూ గొప్ప పైలట్లే. అయితే ఎన్ని కూల్చారన్న లెక్కతోనే వాళ్ల పనితనాన్ని తూచబోతే తక్కెడ నిలవదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కొన్ని సెకన్లలో మెలికలు తిరిగే పోరులో పొగ చూసి కూలిందనుకోవడం ఎవరికైనా సహజం. కూలిందా లేదా అన్నది పోగొట్టుకున్నవాడి రికార్డే చెప్పాలి.

పైలట్‌ను తూచాలంటే చూడాల్సింది ఆ సెకన్లలో అతను తీసుకున్న నిర్ణయాలు. దేవయ్యకు ఎదురైంది ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజద్ హుస్సేన్ నడుపుతున్న ఎఫ్-104 స్టార్‌ఫైటర్. ధ్వనికి రెట్టింపు వేగం, సైడ్‌వైండర్ క్షిపణులు, నిమిషానికి వేల గుళ్లు కక్కే ఫిరంగి దాని సొత్తు. మిస్టేర్ సమతలంగా ఎగిరినప్పుడు ధ్వని వేగాన్ని కూడా అందుకోలేదు. కాగితం మీద ఇది పోటీయే కాదు.

కానీ స్టార్‌ఫైటర్ రెక్కలు పొట్టివి. దూసుకొచ్చి, కొట్టి, దూసుకుపోవడానికే అది పుట్టింది. వేగం తగ్గించి మలుపులు తిరగబోతే ఆ రెక్కలు దాన్ని మోయలేవు. అంజద్ ఆ రోజు తక్కువ ఎత్తులో, తగ్గిన వేగంతో, మలుపుల పోరులోకే దిగాడు. మొసలి నీళ్లు వదిలి గట్టు మీదికొచ్చినట్టయింది. అప్పటికే దెబ్బలు తిన్న విమానంతో దేవయ్య పారిపోకుండా లోపలికి తిరిగి, 30 మిల్లీమీటర్ల ఫిరంగులతో కొట్టాడు. స్టార్‌ఫైటర్ అదుపు తప్పింది. అంజద్ పారాచూట్‌తో బయటపడ్డాడు. దేవయ్య అక్కడే నేలకొరిగాడు.

ప్రత్యర్థి బలం ఎక్కడ అక్కరకు రాదో పసిగట్టి, దొరికిన ఆ కాస్త సందును వాడుకున్నాడు. నైపుణ్యమంటే ఇదే. ఆయనకు దక్కిన కూల్చివేత ఒక్కటే, అయినా అందులో ఒక పాఠశాలకు సరిపడా పాఠం ఉంది.

నైపుణ్యం కాక్‌పిట్‌లోనే ఉంటుందనుకోవడమూ పొరపాటే. 1971 నవంబర్ 22న తూర్పు సరిహద్దున బోయ్రా మీద మన నాట్ విమానాలు నాలుగు పాకిస్తాన్ సేబర్లను పట్టుకున్నాయంటే, నేల మీది రాడార్ ముందు కూర్చున్న కంట్రోలర్ బాగ్చీ వాటిని సరైన చోటికి నడిపించబట్టే. ఆ రోజు పారాచూట్‌తో దిగి మనకు చిక్కిన ఇద్దరు పైలట్లలో పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళానికే అధిపతి అయ్యాడు. ఒక్క ఓటమిని చూసి మనిషి మీద తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దేవయ్య కథ మన దాకా వచ్చింది ప్రత్యర్థి వైపు నుంచే. 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాకిస్తాన్ వైమానిక దళం సహకారంతో 1965 యుద్ధం మీద పుస్తకం రాశాడు. స్టార్‌ఫైటర్‌ను కూల్చింది ఒక మిస్టేర్ అన్న మాట అందులో ఉంది. దాడికి నాయకత్వం వహించిన ఓ.పి. తనేజా ఆ మాట పట్టుకుని ఆనాటి వివరాలతో సరిపోల్చుకున్నారు. తిరిగి రాని మిస్టేర్ దేవయ్యదే. 2005లో పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రా కలిసి రాసిన చరిత్ర కూడా రెండు వైపుల మాటలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. ఇంత ఓపికతో తూచినప్పుడే ఆ పైలట్లకు న్యాయం జరుగుతుంది.

1988లో దేవయ్యకు మహావీరచక్ర ప్రకటించారు. సర్గోధా మీద ఆ ఉదయం గడిచి అప్పటికి 23 ఏళ్లు. పతకం అందుకున్నది ఆయన భార్య.