మళ్లీ ఊడదీయగలిగే అతుకు

శ్రుతి చేసిన గిటార్‌ను పెట్టెలో పెట్టి మూత వేసినా దాని మీద భారం తగ్గదు. ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్‌కు సన్నని లైట్ గేజ్ తీగలు బిగిస్తే ఆరూ కలిసి 73 కిలోల దాకా లాగుతాయి. మీడియం గేజ్ అయితే ఆ లాగుడు 80 కిలోలు దాటుతుంది. రాత్రీ పగలూ ఇంత లాగుడును కాచుకునేది తీగల కింది కొసలను పట్టి ఉంచే, ఆరంగుళాల పొడవున్న బ్రిడ్జ్ అనే చెక్క ముక్క. దాని కింద ఉన్నది మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందమున్న స్ప్రూస్ చెక్క పలక. చాలా మంచి గిటార్లలో ఈ రెంటినీ కలిపి ఉంచేది జిగురు ఒక్కటే. బ్రిడ్జ్‌లో కనిపించే పిన్నుల పని తీగల కొసలు జారకుండా చూడటం వరకే.

గిటార్ ఈ భారానికి పుట్టిన వాద్యం కాదు. సాక్సనీ నుంచి 1833లో న్యూయార్క్‌కు వలస వెళ్లి, తర్వాత పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడిన సి.ఎఫ్. మార్టిన్ చేసినవి పేగు తీగల గిటార్లు. పై పలక లోపలి వైపున ఎక్స్ ఆకారంలో కర్రలు అతికించే పద్ధతి 1840ల్లో ఆయన చేతిలో స్థిరపడింది. 1920ల్లో ఉక్కు తీగలు మామూలైపోయాక ఆ కర్రల పొందిక తట్టుకుని నిలబడింది కానీ బ్రిడ్జ్ కింది అతుకు మీద భారం పెరిగింది. తీగలు బ్రిడ్జ్‌ను ముందుకు లాగడమే కాదు, ముందుకు వాల్చాలని చూస్తాయి. అందుకే ముందు అంచు పలకను నొక్కుతుంది, వెనక అంచు లేస్తుంది. మీ గిటార్ బ్రిడ్జ్ వెనక అంచు కింద పలుచని కాగితం పెట్టి చూడండి. అది లోపలికి దూరుతోందంటే అతుకు వదలడం మొదలైనట్టే. ఆ రోజే తీగలు వదులు చెయ్యాలి. సందులోకి కాస్త జిగురు ఎక్కించి బిగిస్తే సరిపోతుందనుకోవడం చాలాచోట్ల చూస్తాం. పాత జిగురు, దుమ్ము లోపలే ఉన్నంతకాలం కొత్త జిగురు చెక్కను అంటుకోదు.

కాబట్టి బ్రిడ్జ్‌ను పూర్తిగా తీయాలి. అసలు నేర్పు ఇక్కడే ఉంది. చుట్టూ పాలిష్ దెబ్బతినకుండా అట్టముక్క కప్పి, బ్రిడ్జ్‌కు మాత్రమే వేడి తగిలిస్తారు. జిగురు మెత్తబడ్డాక పలుచని, మొద్దు అంచున్న కత్తిని వెనక వైపు నుంచి నెమ్మదిగా దూరుస్తారు. స్ప్రూస్ నారలు పలక పైతలానికి సరిగ్గా సమాంతరంగా ఉండవు, ఏదో ఒక వైపు కొద్దిగా కిందికి దిగుతుంటాయి. కత్తి నార వెంట పోతే బ్రిడ్జ్ శుభ్రంగా లేస్తుంది. ఎదురుగా పోతే కత్తి పలకలోకి దిగబడి చెక్క పెచ్చులుగా లేస్తుంది. పలకను రెండు ముక్కలుగా పుస్తకం తెరిచినట్టు పరిచి అతికిస్తారు కనుక ఎడమ సగంలో నార దిగే దిక్కు కుడి సగంలో తిరగబడుతుంది. అనుభవమున్న మనిషి మధ్య అతుకు దాటగానే కత్తి దిశ మారుస్తాడు. ఎంత జాగ్రత్తపడ్డా ఒక పేడు లేచి బ్రిడ్జ్ అడుగునే ఉండిపోతే, దాన్ని గీకి పారేయకుండా తీసి, పుట్టిన చోటే తిరిగి అతికిస్తాడు.

బ్రిడ్జ్ లేచాక అసలు కారణం చాలాసార్లు బయటపడుతుంది. ఫ్యాక్టరీలో పాలిష్ కొట్టాక బ్రిడ్జ్ కూర్చునే చోట దాన్ని గీకేస్తారు. అంచు దాకా గీకకుండా చుట్టూ మిల్లీమీటరో రెండో వదిలేసిన గిటార్లు కోకొల్లలు. పాలిష్ మీద జిగురు పట్టదు. లాగుడు ఎక్కువగా ఉండే వెనక అంచునే పట్టు లేకుండా పోతుంది. మరమ్మతు చేసేవాళ్లు ఆ పట్టీని గీకి తీస్తారు. గీత స్ప్రూస్ నారలను తెంపితే పలకే బలహీనమవుతుంది కనుక పాలిష్ తెగి చెక్క తెగకుండా చేతిని అదుపులో పెట్టుకోవాలి. పలక బల్లలా చదునుగా ఉండదు, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బ్రిడ్జ్ అడుగును ఆ ఒంపుకు సరిపోయేలా గీకి, జిగురు లేకుండా క్లాంపులు బిగించి ఎక్కడా వెలుతురు కనిపించడం లేదని తేల్చుకున్నాకే జిగురు గిన్నె దగ్గరికి వెళ్తారు.

పాత సంప్రదాయంలో వాడేది పశువుల తోళ్లు ఉడికించి తీసిన జిగురు. ఎండిన ఆ జిగురు గింజల్ని చన్నీళ్లలో నానబెట్టి, నేరుగా మంట తగలకుండా వేడినీళ్లలో గిన్నె పెట్టి, సుమారు 60 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఇంకా మరిగిస్తే పట్టు పోతుంది. రాశాక నిమిషం గడిచేసరికే గడ్డకట్టడం మొదలెడుతుంది. అందుకని బ్రిడ్జ్‌ను ముందే వెచ్చచేసి, అది పక్కకు జరగకుండా చివరి రంధ్రాల్లో రెండు పిన్నులు దించి, సౌండ్‌హోల్ గుండా వెళ్లే పొడవు మెడ క్లాంపుల్ని చేతికందేలా పెట్టుకుంటారు. బ్రిడ్జ్ రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కదిలితే పై మెట్లలో స్వరం తప్పుతుంది. పక్కలకు పొంగిన జిగురును వేడినీటి గుడ్డతో తుడిచి, ఒక రోజంతా కదపరు. తీగలెక్కించడానికి ఇంకో రోజు ఆగితే మంచిది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ జిగురు ఆరాక రాయిలా గట్టిపడుతుంది, నిత్యం లాగుతున్నా సాగదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఎడతెగని లాగుడుకు కొంచెం కొంచెంగా జారుతుంది. అన్నిటికంటే విలువైన గుణం ఇంకొకటి ఉంది. వేడీ తడీ కలిపి తగిలిస్తే తోలు జిగురు మళ్లీ వదులుతుంది. శుభ్రం చేశాక తోలు జిగురు పాత పూత కాస్త మిగిలినా కొత్తది దానిలో కలిసిపోతుంది. మూడు వందల ఏళ్ల నాటి ఇటలీ వయొలిన్లను ఈ రోజుకీ విప్పి బాగుచేయగలుగుతున్నారంటే కారణం ఇదే. ఎపాక్సీతో అతికిస్తే బ్రిడ్జ్ గట్టిగానే ఉంటుంది. కానీ ఏదో ఒక రోజు దాన్ని తీయాల్సొచ్చినప్పుడు స్ప్రూస్ కూడా లేచి వస్తుంది. ఇవాళ్టి మరమ్మతుతో రేపటి మరమ్మతుకు దారి మూసేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

వస్తువు విలువ చూసినా అంతే. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1969లో మార్టిన్ కంపెనీ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మన అడవుల్లో ఇరుగుడు, జిట్టేగి అనే చెట్టే అది. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఇప్పుడు నియంత్రణ ఉంది. అలాంటి చెక్కతో చేసిన పాత బ్రిడ్జ్‌ను పారేసి కొత్తది పెట్టడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే మేలు.

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలేస్తే లోపలి వేడికి ఫ్యాక్టరీలు వాడే పసుపు జిగురు మెత్తబడుతుంది, తీగలు ఆ అదనుకే బ్రిడ్జ్‌ను లేపేస్తాయి. ఇప్పటికే లేచి ఉంటే, బాగుచేసే వ్యక్తిని ఏ జిగురు వాడతారో ముందే అడగండి. ఎపాక్సీ అనో, బోల్టులు బిగిస్తాననో అంటే గిటార్‌ను ఇంటికి తెచ్చేసుకోండి. తీగలు వదులుగా ఉంచితే అది సరైన మనిషి దొరికేదాకా ఆగుతుంది.